సుగంధ తైలములును, మందులకు లొంగని ఆసుపత్రి సూక్ష్మజీవులును
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగువారు ఉద్యోగరీత్యా ఏ రాష్ట్రమునకు బదిలీయై పోయినను ఇంటి సామానుతో పాటు పోపులపెట్టె కూడ వారి వెంట పోవును. వాము, లవంగము, దాల్చినచెక్క అందు తప్పక ఉండును. బిడ్డకు కడుపు ఉబ్బరించిన వాము, పంటి పోటునకు లవంగము, జలుబునకు నీలగిరి తైలపు ఆవిరి - ఈ చికిత్సలు ఏ వైద్యుని అడిగియు నేర్చుకొన్నవి కావు. ఈ ఇంటి వస్తువులనుండి తీసిన నూనెలే నేడు పెద్ద ఆసుపత్రుల పరిశోధనశాలలలో, మందులకు లొంగని బాక్టీరియాల మీద పరీక్షకు వచ్చుచున్నవి. పరీక్షలో ఆ నూనెలు నెగ్గినవని పత్రికలలో వార్తలు వచ్చుచుండును. నెగ్గినది ఎక్కడ, ఎంత మోతాదున, ఎవరి శరీరమున అను ప్రశ్నలు మాత్రము ఆ వార్తలలో అరుదుగా కనబడును. నేటి ప్రసంగమునకు ఆ మూడు ప్రశ్నలే విషయము.

ముందుగా నూనె అను మాటను విడదీసి చూడవలెను. నువ్వులనూనె, కొబ్బరినూనె, ఆముదము మొదలగునవి స్థిర తైలములు. ఒక చుక్క కాగితముపై వేసినచో మరక మిగులును. వారము గడచినను పోదు. లవంగ తైలమో, నిమ్మగడ్డి తైలమో ఒక చుక్క వేసినచో కొంతసేపటికి ఆవిరియై పోవును. మరక దాదాపు మిగులదు, వాసన మాత్రము గది నిండును. ఇవి సుగంధ తైలములు. వీటిని గానుగలో ఆడరు. ఆకులను, మొగ్గలను, గింజలను నీటితోనో, నీటి ఆవిరితోనో బట్టీపట్టి తీయుదురు. ఉత్తరప్రదేశమునందలి కన్నౌజ్ పట్టణములో రాగి డేగిసాలలో పూలను కాచి, ఆ ఆవిరిని గొట్టముగుండా వేరొక పాత్రలోనికి దింపి అత్తరు తీయు పద్ధతిని చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రసాయన దృష్టితో చూచినను ఈ రెండును వేరు జాతులే. ఒకటి క్రొవ్వు, రెండవది పదుల కొలది చిన్న చిన్న ద్రవ్యముల కలయిక.

ఆ కలయికలో సాధారణముగా ఒకటి రెండు ద్రవ్యములే పెత్తనము చేయుచుండును. లవంగ తైలములో యూజినాల్, వాము తైలములో థైమాల్, దాల్చినచెక్క తైలములో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డి తైలములో సిట్రాల్, నీలగిరి తైలములో సినియోల్ ముఖ్యమైనవి. వీటిలో థైమాల్, యూజినాల్ అనునవి కార్బాలిక్ ఆమ్లమునకు, అనగా ఫినాలునకు, దగ్గరి చుట్టములు. ఈ చుట్టరికము తెలిసినచో ఈ పరిశోధన చరిత్ర సులువుగా బోధపడును.

జోసెఫ్ లిస్టర్ గ్లాస్గో నగరములో శస్త్రచికిత్స పుండ్లకు కార్బాలిక్ ఆమ్లము వాడి, చీము పట్టకుండ చేయవచ్చునని 1867లో లోకమునకు వెల్లడించెను. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట 1887లో, పాశ్చర్ అనుచరుడైన చార్లెస్ షాంబెర్లాన్ సుగంధ తైలములను ఒక్కొక్కటిగా తీసికొని ఆంత్రాక్స్ క్రిమిపై పరీక్షించెను. ఆవిరి ఒత్తిడితో పరికరములను క్రిమిరహితము చేయు ఆటోక్లేవ్ యంత్రమును 1879లో నిర్మించినవాడును ఇతడే. 1903లో రిడీల్, వాకర్ అనువారు ఒక కొలబద్ద ఏర్పరచిరి: ఏ క్రిమినాశక ద్రవ్యమైనను కార్బాలిక్ ఆమ్లము కంటె ఎన్ని రెట్లు బలమైనదో అంకెలలో చెప్పు పద్ధతి అది. ఆ కొలబద్ద పట్టుకొని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఆర్థర్ పెన్ఫోల్డ్ అను రసాయనవేత్త 1920 దశకములో టీ ట్రీ తైలమును కొలిచి, అది కార్బాలిక్ ఆమ్లము కంటె సుమారు 11 రెట్లు బలమైనదని ప్రకటించెను. పేరులో టీ ఉన్నదే కాని, ఆ చెట్టునకును అస్సాము తేయాకునకును ఏ సంబంధమును లేదు. దాని ఆకులను అక్కడి ఆదివాసులు పుండ్లకు, జలుబునకు తరతరములుగా వాడుచుండిరి.

ఆ పరిశోధన ఇంకను ముందునకు పోవలసినదే. కాని 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్ కనుగొనుటయు, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది రాశులుగా తయారగుటయు జరిగెను. ఒక ఇంజక్షనుతో న్యుమోనియా కుదురుచుండగా చెట్ల నూనెలను కొలుచుచు కూర్చుండువారెవరు? 1948లో ఆరియోమైసిన్ వచ్చెను. అది వెలువడిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించినవాడు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందును మట్టిలోని సూక్ష్మజీవినుండి గుర్తించినవాడు ఆయన విభాగమునందలి బెంజమిన్ డగ్గర్. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అదియే మూలము. 1954లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకము ఆరంభమైనది. అదే సంవత్సరమున పూనా సమీపమునందలి పింప్రీలో ప్రభుత్వపు ఆంటీబయాటిక్ కర్మాగారము నెలకొనెను. నూనెలు మరల వంటింటికిని, పరిమళపు సీసాలకును చేరెను.

అయితే సూక్ష్మజీవులు ఊరకుండలేదు. పెనిసిలిన్ రోగులకు విరివిగా అందక మునుపే, 1940లో, దానిని విరుగగొట్టు ఎంజైమును ఏబ్రహాం, చైన్ అను శాస్త్రజ్ఞులు బాక్టీరియాలో కనుగొనిరి. 1945లో నోబెల్ బహుమానము స్వీకరించుచు చేసిన ఉపన్యాసములో ఫ్లెమింగ్ ఒక చిన్న కథ చెప్పెను. ఒక పెద్దమనిషి గొంతు నొప్పికి పెనిసిలిన్ తానే కొని, చాలీచాలని మోతాదున మ్రింగును. క్రిములు చావవు, మందును ఎదిరించుట నేర్చుకొనును. ఆ క్రిములు అతని భార్యకు అంటును, ఆమెకు న్యుమోనియా వచ్చును, పెనిసిలిన్ పనిచేయదు, ఆమె మరణించును. కథలో పాత్రలకు పేర్లు లేవు. పేరు లేకపోవుటచేతనే కాబోలు, అది అందరి ఇండ్లకును సరిపోవుచున్నది.

స్టఫిలోకాకస్ ఆరియస్ అను గుండ్రని బాక్టీరియా ఆరోగ్యవంతులలో సుమారు మూడవవంతు మంది ముక్కులలో నిరపాయముగా నివసించుచుండును. శస్త్రచికిత్స పుండులోనికో, నరములో గ్రుచ్చిన సూదివెంట నెత్తురులోనికో ప్రవేశించినపుడు ప్రాణాంతకమగును. పెనిసిలిన్‌ను ఎదిరించు జాతుల కొరకు మెథిసిలిన్ అను మందు తయారు చేసిరి. అది వాడుకలోనికి వచ్చి రెండు సంవత్సరములు నిండకమునుపే, 1961లో, దానికిని లొంగని జాతులు ఇంగ్లండులో బయటపడినవి. వైద్యులు ఎం.ఆర్.ఎస్.ఎ. అని పొడి అక్షరములతో పిలుచునది దీనినే. పిమ్మట క్లెబ్సియెల్లా, ఏసినెటోబాక్టర్, సూడోమోనాస్ అనునవి పేరు మోసినవి. ఇవి తడి ఉన్నచోట, కుళాయిల యందు, శ్వాసయంత్రపు గొట్టముల యందు స్థావరమేర్పరచుకొనును. 2008లో స్వీడన్ దేశమున, అంతకు ముందు ఢిల్లీలో చికిత్స పొందిన భారత సంతతి రోగియొక్క క్లెబ్సియెల్లాలో ఒక క్రొత్త ఎంజైము దొరకెను. కార్బపెనెమ్ అను బలమైన మందులను సైతము అది విరుగగొట్టుచుండెను. 2009లో దానికి న్యూఢిల్లీ పేరు పెట్టుటచే మన దేశమున పెద్ద దుమారము చెలరేగెను. పేరు గురించి జరిగిన వాదమునకు దొరకిన పత్రికా స్థలములో సగమైనను ఎంజైము గురించి దొరకినచో బాగుండెడిది.

ఈ విషయము ఎవరిది అని అడుగువారికి ఒక లెక్క చాలును. 2011 - 2014 మధ్య ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో పుట్టిన శిశువులపై జరిగిన పెద్ద అధ్యయనము 2016లో ప్రకటింపబడెను. నవజాత శిశువుల నెత్తురులో దొరకిన బాక్టీరియాలలో నూటికి 22 ఏసినెటోబాక్టర్, 17 క్లెబ్సియెల్లా, 14 ఈ. కోలై. ఏసినెటోబాక్టర్లలో నూటికి 82 అనేక మందులకు లొంగనివి. జబ్బు పడిన పసికందులలో అత్యధికులకు మూడు దినముల ప్రాయము నిండకమునుపే ఆ జబ్బు సోకినది. ఈ శిశువులు జీవితములో ఒక్క మాత్రయైనను దుర్వినియోగము చేసినవారు కారు గదా! ప్రపంచమంతట 2019వ ఒక్క సంవత్సరమున, మందులకు లొంగని బాక్టీరియాల కారణముగానే సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని 2022లో లెక్క తేలినది. క్రొత్త ఆంటీబయాటిక్ మందుల రాక మిక్కిలి మందగించినది. అందుచేత శాస్త్రజ్ఞులు అటకెక్కించిన పాత దినుసులను మరల దింపి చూచుచున్నారు. సుగంధ తైలములు అట్లు దిగిన దినుసులే.

ఇక పరీక్ష ఎట్లు జరుగునో చూతము. రోగి చీమునుండియో, నెత్తురునుండియో వేరు చేసిన బాక్టీరియాను ముందుగా అగర్ అను గట్టి పదార్థముపై పెంచుదురు. ఈ అగర్ సముద్రపు నాచునుండి వచ్చునది. జావా ద్వీపమున వంటకములను గడ్డకట్టించుటకు వాడెడివారు. రాబర్ట్ కోఖ్ పరిశోధనశాలలో పనిచేయుచుండిన వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తన వంటింటి అనుభవముతో 1881లో ఈ ఉపాయము చెప్పెను. అంతవరకు వాడిన జెలటిన్ వేసవిలో కరగిపోయెడిది. వంటింటిలోని వస్తువు పరిశోధనశాలకు పోవుట నేడు మొదలైన విశేషము కాదన్నమాట.

అట్లు పెరిగిన బాక్టీరియాను ఉప్పునీటిలో కలిపి, ఒక ప్రమాణ నాళికలోని మసకతో సరిపోల్చుదురు. మసక సరిపోయినచో మిల్లీలీటరునకు సుమారు 15 కోట్ల బాక్టీరియాలు ఉన్నట్లు లెక్క. దీనిని పలుచన చేసి పరీక్షకు పెట్టుదురు. సులభమైన పరీక్షలో బాక్టీరియాను అగర్ పలకపై పూసి, నూనెతో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను మధ్యలో ఉంచుదురు. మరునాడు బిళ్ళ చుట్టును బాక్టీరియా పెరుగని వలయము కనబడును. ఎంత పెద్ద వలయమైన అంత బలమైన మందు అని చూచువానికి తోచును. వార్తాపత్రికలలో అచ్చగు ఛాయాచిత్రము సాధారణముగా ఇదియే.

ఆంటీబయాటిక్ విషయమున ఈ తర్కము చాలవరకు చెల్లును. నూనె విషయమున చెల్లదు. నీటిలో కరగు మందు అగర్‌లో క్రమముగా వ్యాపించును. నూనె అట్లు వ్యాపింపదు. కొంత బిళ్ళయందే నిలిచిపోవును, కొంత గాలిలోనికి లేచి మూతక్రింద పలక అంతటను పరచుకొనును. బలమైన నూనె చిన్న వలయమును, తేలికగా ఆవిరియగు బలహీనమైన నూనె పెద్ద వలయమును చూపవచ్చును. కనుక వలయమును మాత్రమే కొలిచి తృప్తి చెందిన పరిశోధనను నమ్ముటకు ముందు కొంత ఆగవలెను.

అంతకంటె గట్టి పరీక్షకు వామనగుంటల పీటవంటి ప్లాస్టిక్ పలక కావలెను. గుంటలు పదునాలుగు గాక 96 ఉండును. మొదటి గుంటలో నూనె ఎక్కువ, రెండవదానిలో సగము, మూడవదానిలో అందు సగము - ఇట్లు తగ్గించుచు పోవుదురు. ప్రతి గుంటలోను మిల్లీలీటరునకు సుమారు 5 లక్షల చొప్పున బాక్టీరియాలను వేసి, 35 డిగ్రీల వెచ్చదనమున ఒక రాత్రి ఉంచుదురు. ఉదయమున చూచినపుడు ఏ గుంటవరకు ద్రవము తేటగా ఉన్నదో అదియే కనిష్ఠ నిరోధక గాఢత. తేటగా ఉన్నంతమాత్రమున బాక్టీరియా చచ్చినట్లు కాదు; నిద్రించుచు ఉండవచ్చును. అందుచే ఆ తేట గుంటల నుండి ఒక్కొక్క చుక్క తీసి క్రొత్త అగర్‌పై వేసి మరియొక రాత్రి వేచియుందురు. అప్పటికిని మొలవనిచో చంపినట్లు. నిరోధించుట వేరు, సంహరించుట వేరు అను ఈ భేదము అనేక వార్తలలో అంతర్ధానమగుచుండును.

ఈ పద్ధతిలోను చిక్కులు లేకపోలేదు. నూనె నీటిలో కలియదు. ట్వీన్ 80 వంటి పదార్థమును చేర్చి చిలుకవలెను. ఆ పదార్థమే బాక్టీరియాను బాధించినదేమో, లేక నూనె బలమునే తగ్గించినదేమో తెలిసికొనుటకు, నూనె లేక అది మాత్రమే ఉన్న గుంటలను వేరుగా పెట్టవలెను. చిలికిన నూనె తెల్లగా మసకబారినచో ద్రవము తేటయా కాదా అనునదే తెలియదు. అపుడు రెసజురిన్ అను రంగు కలుపుదురు. బ్రతికియున్న బాక్టీరియా ఆ నీలిరంగును గులాబీగా మార్చును. నీలముగా నిలిచిన గుంటలో పెరుగుదల లేదని అర్థము. ఇవి గాక ప్రక్క గుంటలోని ఘాటైన ఆవిరి ఇవతలి గుంటలోని బాక్టీరియాను బాధించుటయు కలదు. ఉల్లిగడ్డలు కోయుచున్న ఇంటిలో పొరుగింటివారి కన్నులు కూడ చెమ్మగిల్లినట్లన్నమాట. ఇట్టి పరీక్షను మూడుమార్లు చేసి మూడుమార్లు ఒకే ఫలితము పొందిన పరిశోధకురాలి ఓపికకు ఏ పతకమును ఇచ్చువారు లేరు.

ఇంత జాగ్రత్తతో చేసిన పరిశోధనలలో ఏమి తేలినది? 1995లో ఆస్ట్రేలియా పరిశోధకులు తమ దేశమునుండియు, బ్రిటన్ నుండియు సేకరించిన 64 ఎం.ఆర్.ఎస్.ఎ. జాతులపై టీ ట్రీ తైలమును పరీక్షించిరి. అన్నియు లొంగినవి. నిరోధించుటకు నూటికి పావు వంతు నూనె, సంహరించుటకు అర వంతు నూనె చాలినది. మందులకు లొంగినదా లేదా అను భేదము నూనెకు పట్టినట్లు కనబడలేదు. దానికి కారణము కలదు. ఆంటీబయాటిక్ సామాన్యముగా బాక్టీరియాలోని ఒకానొక భాగమును గురిచూచి కొట్టును. బాక్టీరియా ఆ భాగమును మార్చుకొనవచ్చును, లేక మందునే విరుగగొట్టవచ్చును. నూనెలోని ద్రవ్యములు బాక్టీరియా చుట్టునున్న పలుచని పొరలోనికి చొరబడి దానిని కారునట్లు చేయును. తాళము మార్చుకొన్నవాడు దొంగచెవిని తప్పించుకొనును గాని, గోడ కూలినచో తాళము ఏమి చేయగలదు?

1999లో అదే బృందమువారు 52 నూనెలను, వృక్షసారములను పది రకముల సూక్ష్మజీవులపై పరీక్షించిరి. నిమ్మగడ్డి, ఒరిగానో, బే అను మూడింటి నూనెలు నూటికి రెండు వంతులకు మించని గాఢతలో పదింటిని నిరోధించినవి. ఆరు నూనెలు ఆ రెండు వంతుల గాఢతలో ఒక్కదానినైనను నిరోధింపలేదు. ఆ ఆరింటిలో బాదము, గుమ్మడిగింజ, మకడమియా, ఆప్రికాట్ పప్పు నూనెలు కలవు. ఇవి స్థిర తైలములు. మొదట చెప్పిన కాగితపు మరకను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రకృతిసిద్ధమైన నూనె అయినంతమాత్రమున క్రిమిని చంపదు.

మొండితనమున సూడోమోనాస్‌ది ప్రత్యేక స్థానము. క్రిస్టియన్ గ్రామ్ 1884లో కనుగొన్న రంగు పరీక్ష బాక్టీరియాలను రెండు తెగలుగా విడదీసినది. స్టఫిలోకాకస్ వంటివి ఒక తెగ. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటివి రెండవ తెగ. వీటికి లోపలి పొర గాక వెలుపల మరియొక పొర కూడ కలదు. నూనె చుక్కకు ఆ వెలుపలి పొరను దాటుట కష్టము. దాటి లోనికి పోయినను, నీరు నిండిన పడవనుండి నీటిని తోడిపోసినట్లు సూడోమోనాస్ తన పంపులతో నూనె ద్రవ్యములను బయటికి తోడివేయును. అనేక ఆంటీబయాటిక్ మందులను తోడివేయునవియు ఈ జాతి పంపులే. కావున సూక్ష్మజీవులు నూనెలకు ఎన్నడును అలవాటుపడవు అను ప్రచారమును అక్షరాల నమ్మరాదు. చాలీచాలని గాఢతలో నూనెకు అలవాటుపడిన బాక్టీరియా మందులకు మరింత లొంగకపోవునా అను ప్రశ్నపై పరిశోధకులలో ఒకరి ఫలితము మరియొకరి ఫలితముతో ఏకీభవింపలేదు.

ఇప్పుడు మోతాదు లెక్క. ప్రసంగములో ముఖ్యమైన అంకె ఇదియే కనుక కొంచెము నిదానించుట మంచిది. నూటికి పావు వంతు అనగా వినుటకు స్వల్పముగా తోచును. పెద్దవాని శరీరమున నెత్తురు సుమారు 5 లీటర్లు. అందులో పావు వంతు గాఢత రావలెనన్న 12.5 మిల్లీలీటర్ల నూనె, అనగా రెండున్నర చిన్న చెంచాలు, నేరుగా నెత్తురులో చేరవలెను. నూనె నెత్తురులోనే నిలువదు. క్రొవ్వులోనికి, మెదడులోనికి, కాలేయములోనికి పోవును. కనుక నిజముగా కావలసినది అంతకంటె ఎంతో ఎక్కువ. మరియొక విధముగా చూచినచో, లొంగెడి బాక్టీరియాను నిరోధించుటకు మంచి ఆంటీబయాటిక్ మిల్లీలీటరునకు ఒకటి రెండు మైక్రోగ్రాములు చాలును. టీ ట్రీ తైలము ఆ పని చేయుటకు సుమారు 2,200 మైక్రోగ్రాములు కావలెను. వెయ్యి రెట్లు అన్నమాట.

బాక్టీరియా పొరను కూల్చు నూనె మనుష్య కణముల పొరను గౌరవించి వదలివేయదు. ఒక చిన్న చెంచాడు నీలగిరి తైలము - కోస్తా జిల్లాలవారు జామాయిల్ అను చెట్టుది - పసిబిడ్డ కడుపులోనికి పోయినచో మూర్ఛ, స్పృహ తప్పుట కలుగవచ్చును. కర్పూరము మ్రింగిన శిశువులకు ఫిట్లు వచ్చుట వైద్యులందరు ఎరిగినదే. చంటిబిడ్డకు ఊపిరి ఆడుట లేదని ముక్కుపుటములలో కర్పూర తైలము రాయు అలవాటు అనేక ఇండ్లలో కలదు. ఆ బిడ్డ ఊపిరి దానివలన మరింత బిగుసుకొనవచ్చును. వామునీరు త్రాగుటకును, వాము తైలము త్రాగుటకును మధ్య దూరము చాల పెద్దది. సీసాలో ఉన్నది ఎన్నో దోసిళ్ళ వాము.

నెత్తురులోనికి పంపరాని నూనెను చర్మముపై వాడవచ్చును గదా అని కొందరు యోచించిరి. యోచన సరియైనదే. ఇంగ్లండులో 224 మంది ఎం.ఆర్.ఎస్.ఎ. మోయుచున్న రోగులపై జరిగిన పరీక్ష 2004లో ప్రకటితమైనది. కొందరికి టీ ట్రీ తైలముతో చేసిన స్నానద్రవమును, లేపనమును ఇచ్చిరి. కొందరికి అలవాటైన మందులు వాడిరి. అలవాటైన మందులతో నూటికి 49 మందికి, టీ ట్రీతో 41 మందికి ఆ బాక్టీరియా తొలగెను. ముక్కునందు మ్యూపిరోసిన్ లేపనము 78 మందికి పనిచేయగా టీ ట్రీ 47 మందికే పనిచేసెను. చర్మముపైనను, పైపై పుండ్ల యందును మాత్రము టీ ట్రీయే మెరుగని తేలెను. అనగా నూనె చేతకానిదియు కాదు, సర్వరోగనివారిణియు కాదు. ముక్కులో ఓడి చర్మముపై నెగ్గినది. 2013లో ఉత్తర ఐర్లండులోని రెండు అత్యవసర చికిత్స విభాగములలో మరియొక పరీక్ష ఫలితము వెలువడెను. రోగులకు ప్రతిదినము టీ ట్రీ ద్రవముతో ఒళ్ళు తుడిచినచో క్రొత్తగా ఎం.ఆర్.ఎస్.ఎ. అంటకుండునా అని చూచిరి. పసిపిల్లలకు వాడు మామూలు స్నానద్రవముతో పోల్చగా నిశ్చయముగా చెప్పదగిన భేదమేమియు కనబడలేదు. ప్లాస్టిక్ పలకపై 64కు 64 గెలిచిన నూనె, రోగి మంచమువద్దకు వచ్చుసరికి ఇట్టి ఫలితమును పొందినది.

ఈ ఫలితములు చూచి నూనెలను పారవేయవలసినది లేదు. పంటివైద్యులు జింక్ ఆక్సైడుతో యూజినాల్ కలిపిన ముద్దను పుచ్చిన పళ్ళలో నేటికిని వాడుచున్నారు. థైమాల్, సినియోల్ కలిసిన పుక్కిలించు మందు నేటికిని అంగళ్ళలో దొరకుచున్నది. ఈ రెండు చోట్లను నూనె శరీరము లోపలికి పోదు. కావలసిన గాఢత కావలసిన చోట నిలుచును. పరిశోధన నేడు అనుసరించు మార్గములలో మరియొకటి, నూనెను ఆంటీబయాటిక్‌తో జోడించుట. అదే గుంటల పలకపై అడ్డముగా నూనెను, నిలువుగా మందును తగ్గించుచు పోయి, రెండును కలిసినపుడు ఒక్కొక్కటి ఎంత తక్కువతో సరిపోవునో కొలుచుదురు. పొరను నూనె సడలించినచో, అంతకుముందు లోనికి పోలేని మందు పోగలదను ఆశ దీనికి ఆధారము. కొన్ని జంటలు పలకపై బాగుగా కుదిరినవి. రోగి మంచమువరకు వచ్చిన జంట మాత్రము లేదు.

అంతకుముందు తీరవలసిన చిక్కు మరియొకటి కలదు. ఏ నూనె? తులసి అను పేరుగల మొక్కలలో కొన్నింటి తైలమున యూజినాల్ ముఖ్యము, కొన్నింటిలో మిథైల్ యూజినాల్ ముఖ్యము. కోత కాలము, నేల, ఎండ, బట్టీ మీద ఉంచిన గంటలు - వీటినిబట్టి నూనె మారిపోవును. తులసి తైలము పనిచేసినది అను వాక్యమునకు, అందులో ఏది ఎన్ని పాళ్ళు కలదో చెప్పనిచో, శాస్త్రములో విలువ లేదు. టీ ట్రీ తైలమునకు అంతర్జాతీయ ప్రమాణము కలదు. 2017 సవరణ ప్రకారము అందు టెర్పినెన్-4-ఓల్ అను ద్రవ్యము నూటికి కనీసము 35 పాళ్ళు ఉండవలెను. మన దేశమున ఈ పనికి దిట్టమైన సంస్థ లక్నోలో కలదు. 1959లో ఔషధ మొక్కల సంస్థగా పుట్టి, నేడు కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థగా నడచుచున్నది. హైదరాబాదు శివారునందలి బోడుప్పల్‌లో దాని పరిశోధనకేంద్రము కలదు. నిమ్మగడ్డి వంటి సుగంధపు పైరులలో నూనె పాళ్ళు స్థిరముగా వచ్చు రకములను తయారుచేయుట ఆ సంస్థవారి పనులలో ఒకటి. ఆసుపత్రిలోని గుంటల పలకకు మూలము ఆ పొలములోనే ఉన్నది. రైతు కోసిన దినము తప్పినచో పరిశోధకురాలి అంకె తప్పును.

ఎం.ఆర్.ఎస్.ఎ. సోకిన పుండుగల రోగి బంధువు, పత్రికలో వాము తైలమును గురించి చదివి, ఆసుపత్రి మందు మాని నూనె రాసెదనన్నచో వైద్యుడు అతనిని కసరుట తగదు. పుండునుండి తీసిన బాక్టీరియా ఏ మందునకు లొంగునో చెప్పు కాగితము ప్రతి రోగి వివరపుస్తకములోను ఉండవలసినది. బంధువు దానిని అడిగి తెలిసికొనవచ్చును. అందు మందుల పేర్ల ఎదుట లొంగును, లొంగదు అని వ్రాయబడియుండును. ఎన్నో మందుల ఎదుట లొంగదు అని యున్నను, ఒకటి రెండింటి ఎదుట లొంగును అని సాధారణముగా ఉండును. నూనె పేరు ఆ కాగితములో ఉండదు. దాని నుండి పుండును మాన్పు మోతాదు ఇంకను ఎవరును నిర్ణయింపలేదు గనుక.

పరీక్ష ముగిసిన పలకలను పరిశోధనశాలలో అట్లే పారవేయరు. నూనె నెగ్గిన గుంటలను, ఓడిన గుంటలను ఒకటిగా సంచిలో కట్టి ఆటోక్లేవ్‌లో పెట్టుదురు. 121 డిగ్రీల వేడిలో, ఒత్తిడిగల ఆవిరిలో, ఏ మందునకును లొంగని జాతులు సైతము పావుగంటలో నశించును. యంత్రము చల్లారి మూత తెరచినపుడు నిమ్మగడ్డి వాసనయు, లవంగపు వాసనయు వరండావరకు వచ్చును.